గోడ మీద వదిన నాడి

వదిన పోయిందని ఫోనొచ్చినప్పుడు ఆమె నాడి మా వసారా గోడ మీద కొట్టుకుంటూనే ఉంది.

మా మేనత్త కూతురు. కళాకారిణి. కంప్యూటరుతో, వెలుగుతో మనిషి ఒంటిని బొమ్మ కట్టేది. మా ఊరు పొందూరు వచ్చి, అమ్మ నూలు వడికే చోట ఎదురుగోడ మీద పడేలా ప్రొజెక్టరు బిగించింది. మణికట్టుకి పట్టీ కట్టుకుంటే మన నాడి తెల్లటి గీతై దారంలా సాగేది. పట్టీ ఎవరూ కట్టుకోనప్పుడు గోడ బోసిపోకూడదని తన నాడినే రికార్డు చేసి పెట్టింది.

"వదిన గుండె ఆగిపోయిందటమ్మా" అన్నాను.

"ఆగిపోడవేటే? అదిగో, ఆడతన్నాది కదా!" అంటూ అమ్మ గోడకేసి చూపించింది.

నలభై నిండని మనిషి! ముందురోజే ఎండు రొయ్యలు పంపలేదని నాతో దెబ్బలాడింది.

ఆ పట్టీని మొదట చూసి వీధిలో ఆడవాళ్లు బీపీ మిషననుకున్నారు. "నాకు బీపీ ఉన్నాదేటమ్మా?" అని వరసగా చేతులు చాపారు. కాదంటే వింటేగా! వదిన పడీపడీ నవ్వి, మర్నాడు నిజంగానే బీపీ మిషను కొనుక్కొచ్చింది. "ఉప్పుసేప తగ్గించు పిన్నీ" అని ఒక్కొక్కరినీ కేకలేసింది. అందరి చెయ్యీ పట్టుకు చూసిందే, తన చెయ్యి ఎవరికైనా చూపించుకుందా? ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వదిన అమ్మ పక్కన కింద కూర్చుని, వాలుగ చేప దవడతో పత్తి దువ్వి ఏకడం నేర్చుకుంది. సన్నటి ఆ పళ్లు వేళ్లకి గుచ్చుకున్నా వదిలేది కాదు. "బుర్ర మర్సిపోయినా సెయ్యి మర్సిపోదే, ఒసే, రాసిపెట్టుకో" అనేది నాతో. ఆ ముక్క నేను మర్చిపోను.

పెద్దకర్మ నాడు చుట్టాలు పట్టుబట్టారు. పోయిన మనిషి నాడి ఇంట్లో ఆడకూడదు, తీసెయ్యమన్నారు.

"నా రాట్నం ఆడినన్నాళ్లూ అదీ ఆడతాది. ఎవులొస్తారో రండి" అంది అమ్మ.

అమ్మ ఇప్పుడు పట్టీ కట్టుకోదు. కట్టుకుంటే గోడ మీద తన నాడి వచ్చి, వదినది పోతుంది. రాట్నం ముందు కూర్చోగానే స్విచ్చి వేసి, ఆ గీతను చూస్తూ వడుకుతుంది.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. గీత మాయమైంది. రాట్నానికి కరెంటుతో పనేముంది? అయినా అమ్మ చెయ్యి ఆగిపోయింది. దారం తెగకుండా వేళ్ల మధ్య పట్టుకుని, ఖాళీ గోడకేసి చూస్తూ కూర్చుంది.