పూచీ లేని పేజీ

ప్రొద్దుటూరులో మా వీధివాళ్లను అడిగితే నేను పుస్తకాలు రాస్తానని చెబుతారు. అబద్ధమేమీ కాదు. మిక్సీలకు, మోటార్లకు, ఫోన్ యాప్‌లకు వెంట వచ్చే చిన్న పుస్తకాలు తెలుగులో రాస్తాను. వాటిని ఎవరూ చదవరు, అది వేరే సంగతి. మొదటి పేజీలో 'నాణ్యతకు మారుపేరు' అని ఉంటుంది. చివరి పేజీ అన్నింటికీ ఒకటే: 'ఇది ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడుతోంది. దీని వాడకం వల్ల కలిగే ఏ నష్టానికీ మేము పూచీ పడము.' మా ఆయన కూర వడ్డించగానే "దీనికి చివరి పేజీ ఉందా?" అని అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టుగా తినమంటాను.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పులివెందుల దగ్గర చీనీ అంట్లు, అంటే బత్తాయి అంటుమొక్కలు, కట్టి అమ్ముతాడు. ఆయనకు పేజీలూ గీజీలూ లేవు. "చిగురెయ్యకపోతే చెప్పు, ఇంగోటి ఇస్తా. నాది పూచీ" అంటాడు, అంతే. ఆ మాట మీదే వీరపునాయునిపల్లె నుంచి కూడా రైతులు ఆయన దగ్గరికి వస్తారు.

పోయిన ఎండాకాలం ఆయన జమ్మలమడుగులో ఒక పెట్టె కొన్నాడు. దాన్ని మోటారుకు తగిలిస్తే ఎక్కడున్నా ఫోనులోంచే మోటారు నడపొచ్చు. ఆ ధైర్యంతో మైదుకూరులో పెళ్లికి పోయి, నాలుగు రోజులు అక్కడే ఉండిపోయాడు.

యాప్‌లో రెండే బటన్లు: 'నీళ్లు వదులు', 'నీళ్లు కట్టు'. ఆ తెలుగు రాసినవాళ్లెవరో కుళాయి కింద బిందె పెట్టి పెరిగినవాళ్లు. కుళాయి కట్టేస్తే నీళ్లు ఆగుతాయి. మా మామకేమో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నీళ్లు కట్టడమంటే చేనుకు నీళ్లు పారించడమే. పెళ్లింట్లో కూర్చుని పొద్దునా సాయంత్రం 'నీళ్లు కట్టు' నొక్కాడు. నొక్కినప్పుడల్లా ఫోను 'విజయవంతంగా పూర్తయింది' అంది. పెళ్లివాళ్లందరికీ చూపించి మురిసిపోయాడు. తిరిగొచ్చేసరికి అంట్లు తలలు వాల్చేసి ఉన్నాయి.

తిన్నగా జమ్మలమడుగు అంగడికి పోయి గొడవ పెట్టుకున్నాడు. అంగడతను పుస్తకం చివరి పేజీ తెరిచి చూపించాడట. మామ ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అమ్మీ, ఇది సదివి చెప్పు. నాకేం అర్థం కాల్యా."

చదవాల్సిన పనే లేదు. నేను రాసింది కాదు గానీ, అక్షరం పొల్లుపోకుండా నా చివరి పేజీయే. "నష్టానికి వాళ్లది పూచీ లేదంట మామా. నువ్వు 'వదులు' నొక్కాల్సిండె" అన్నాను.

"వదులు అంటే వదిలెయ్యమని గదమ్మీ! అంటు కట్టేటోనికి కట్టు అంటే ఆపేదని ఎవురు చెప్పాల? పూచీ లేనోళ్లు విజయవంతం అని ఎట్ల జెప్తారు?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "వచ్చే వారం వీరపునాయునిపల్లె వాళ్లు వస్తాండారు. అంట్లు ఇస్తానని మాటిచ్చినా. వాళ్లకు గూడా ఇట్లాంటి కాగితమే చూపియ్యాల్నా?" అన్నాడు. నాకు చాలా బాధేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

ఆ పెట్టె కంపెనీకి ఫోన్ చేశాను. "నిబంధనలు ఒప్పుకున్నాకే యాప్ తెరుచుకుంటుంది మేడం" అంది అవతలి అమ్మాయి, తేనె పూసినట్టు. తల్లీ, నష్టం సంగతి నీ చేతిలో లేదు, కనీసం ఆ మాటైనా మార్పించు అని అరిచాను. నీళ్లు కట్టడమంటే ఏమిటో ఆమెకు చెప్పేసరికి గొంతెండింది. నిజంగానే మార్పించింది, పాపం. తెరిచి చూస్తే 'ఆన్', 'ఆఫ్' అని ఉంది. తెలుగు కోసం అంత రభస చేస్తే అసలు తెలుగే పోయింది! మామకేమో అది తెగ నచ్చేసింది.

వీరపునాయునిపల్లె వాళ్లు వచ్చే రోజు ఉండబట్టలేక నేనూ పోయాను. కొన్ని అంట్లు తేరుకున్నాయి, చాలావరకు ఎండిపోయాయి. మామ ఏదీ దాచలేదు. జరిగిందంతా చెప్పి, "బాగుండేవి తీసకపోండి. తక్కినవి మళ్లా కట్టిస్తా. నాది పూచీ" అన్నాడు.

వాళ్లలో పెద్దాయన ఊరుకోలేదు. "ఎవురో చేసిన తప్పుకు నువ్వేందప్పా పూచీ పడేది?"

"మీరు వాళ్లను జూసి రాలేదు గదప్పా" అన్నాడు మామ. "నన్ను జూసి వచ్చినారు."

పెద్దాయన మామ భుజం తట్టి, వానలు పడ్డాక వస్తామని చెప్పి, ఉన్న అంట్లు బండికెత్తించుకున్నాడు.

ఇంటికొచ్చి గ్రైండరు పుస్తకమొకటి ముగించడానికి కూర్చున్నాను. చివరి పేజీలో అలవాటుగా 'ఏ నష్టానికీ మేము పూచీ' దాకా టైపు చేసి ఆగిపోయాను. ఆ పేజీ ఎత్తేసే అధికారం నాకు లేదు. 'పూచీ' తీసేసి 'బాధ్యత వహించము' అని పెట్టాను. కంపెనీవాళ్లకు తేడా తెలియలేదు. మామ మాటను మాత్రం ఆ పేజీలో మళ్లీ ఎప్పుడూ రాయలేదు.