ఊగే ఇంట్లో దొంగల సైరన్

ఏంజలిన్ గురించి చెప్పమంటే నాకు ముందు కోపమే వస్తుంది, నవ్వు తర్వాత వస్తుంది. మా పక్కింటి ఏలియా అన్నయ్య కూతురు. అన్నయ్య ఖరగ్‌పూర్ రైల్వేలో పట్టాలు చూసుకునే గ్యాంగులో చేరి, ఆ గ్యాంగుకే పెద్దగా, అంటే మేటుగా రిటైరయ్యాడు. పిల్లకి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చెప్పించాడు. ఆ పిల్ల గోల్‌బజార్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో తల వంచుకుని పని చేసుకునేది. ఉన్నట్టుండి ఆ పని మానేసి, ఇళ్లకి దొంగల సైరన్లు బిగిస్తానంటూ వచ్చి నా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, తొలి పని నీ ఇంట్లోనే సేస్తాను."

"నా ఇంట్లో ఏటుందే, దొంగెత్తుకుపోడానికి?"

"ఏటీ లేకపోయినా పర్లేదు. నువ్వు బాగుందంటే ఈదంతా బిగించుకుంటాది. బాలేదన్నావనుకో, నేను మళ్లీ ఆ కొట్లోకే పోవాల. మా ఓనరు నవ్వుకుంటా నా కుర్సీ తుడిసి ఉంచినాడు."

నేను తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. వీధిలో సగం మంది నా చేత మొట్టికాయలు తిన్నవాళ్లే. నా మాటకి ఆ మాత్రం విలువ ఉంది మరి. సరే పదమన్నాను.

సామాను కొనడానికి నన్నూ తీసుకెళ్లింది. ఆ పిల్ల బేరం చూసి నాకు ముచ్చటేసింది. పొట్ట ఉబ్బిన బ్యాటరీని చేత్తో తడిమి పక్కకు తోసేసింది. కరెంటు పోతే ఎంతసేపు పనిచేస్తుందో చూపించమని కొట్టువాడి చేత ప్లగ్గు పీకించి, అక్కడే స్టూలు వేసుకుని కూర్చుంది. తీగలు గోటితో గీరి చూసింది. చివరికి తలుపుకి అంటించే ఒక చిన్న డబ్బా దగ్గర ఆగింది. దొంగ గడ్డపలుగుతో తలుపు కదిపితే ఆ అదురుకే మోగుతుందట. బల్ల మీద డబ్బా పెట్టి పక్కన అగ్గిపుల్ల జారవిడిచింది. సైరన్ కుయ్యిమంది. "దీదీ, ఇంతకన్నా చురుకైన మాల్ కలకత్తాలో కూడా దొరకదు" అన్నాడు కొట్టువాడు. ఏంజలిన్ కళ్లు మెరిశాయి. అంత చురుకైనదే మంచిదని నేనూ అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, నాకు మాత్రం అనుమానం రావద్దూ.

మా ఇంటితో మొదలుపెట్టి వరసలో నాలుగిళ్లకి బిగించింది. మా వీధి సుభాష్‌పల్లి దాటాక రైలుగట్టును ఆనుకుని ఉంటుంది. అక్కడే పుట్టినవాళ్లం, అక్కడే పెరిగినవాళ్లం.

మర్నాటి నుంచి మొదలైంది మా ఖర్మ. పొద్దున మోగింది, మధ్యాహ్నం మోగింది, నేను దీపం పెట్టుకుంటుంటే మోగింది. ఒకసారి ఒక ఇంట్లో, మరోసారి నాలుగిళ్లలోనూ. దొంగా లేడు, దొరా లేడు. ఏంజలిన్ పరిగెత్తుకొచ్చి డబ్బా మార్చింది, తీగ మార్చింది, పిల్లి అంది, ఎలక అంది. ఇంకో పక్కింటి సరోజమ్మ డబ్బాకి సాంబ్రాణి పొగ వేసింది. ఏలియా అన్నయ్య దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ఆ డబ్బా ఎవరి దేవుణ్ణీ లెక్కచెయ్యలేదు.

కొన్నాళ్లకి సైరన్ మోగితే ఎవరూ తల కూడా తిప్పడం మానేశారు. "ఏంజిలీ పిచ్చిది మళ్లీ ఏడుస్తంది" అనుకుని ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. చివరికి అందరూ కలిసి నా మీద పడ్డారు. నాకూ ఒళ్లు మండి ఉంది. పిల్లని పిలిచి, రేపు వచ్చి అన్నీ పీకి పట్టుకుపొమ్మన్నాను. ఏంజలిన్ తల మాత్రం ఊపింది. అది చూసి జాలేసింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

మర్నాడు మధ్యాహ్నం స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చింది. వాళ్ల నాన్న కూడా తోడొచ్చాడు, స్టూలు పట్టుకోవడానికి. సరోజమ్మ చీరలకని గోల్‌బజార్ వెళ్లింది. మా కోడలు శ్రీవిద్య వంటింట్లో ఉంది. మా అభిరామ్‌ని చేసుకుని తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలైంది. నెమ్మదైన పిల్ల. పిలిస్తే పలికేది, లేకపోతే లేదు.

ఏంజలిన్ మా తలుపు మీది డబ్బా ఊడదీసి నా చేతిలో పెట్టింది. అంతలో సరోజమ్మ ఇంట్లో సైరన్ మోగింది.

"దాన్నీ తీసేస్తాను పిన్నీ, ఇక్కడయిపోనీ" అంది తల ఎత్తకుండా. తన చేత్తో బిగించినదే మోగుతుంటే తనే నమ్మలేదు, పాపం.

శ్రీవిద్య చేతిలో అట్లకాడతో వంటింట్లోంచి బయటికొచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"అత్తయ్యా, అది ఇప్పుడు మోగకూడదు."

"అదెప్పుడూ మోగకూడదే తల్లీ, అదే కదా మా ఏడుపు."

"అది కాదత్తయ్యా. ఇల్లు ఊగలేదు. ఊగకుండా అది ఎప్పుడూ మోగలేదు. ఎవరో ఉన్నారు అక్కడ."

ఆ పిల్ల మా జవాబు కోసం ఆగలేదు. అట్లకాడ పట్టుకునే పరిగెత్తింది. దాని వెనక ఏంజలిన్, ఆ వెనక అన్నయ్య, అందరి వెనక నేను. సరోజమ్మ పెరటి తలుపు దగ్గర ఒకడు గడపలో గడ్డపలుగు దూర్చి ఉన్నాడు. తలుపు సగం లేచిపోయింది. మమ్మల్ని చూసి పలుగు అక్కడే పడేసి గోడ దూకి గట్టు వైపు పరిగెత్తాడు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

దొంగను చూసిన దడ తగ్గాక అసలు మాట గుర్తొచ్చింది.

"ఇల్లు ఊగడమేటే?" అన్నాను.

ఆ పిల్ల నా వంక నిజంగానే వింతగా చూసింది. "గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా ఊగుద్దిగా అత్తయ్యా. మంచం కూడా ఊగుద్ది. మీకు తెలీదా?"

"ఎవుర్తె సెప్పింది నీకు? నేను పుట్టి పెరిగిన ఈది ఇది" అంది ఏంజలిన్, దెబ్బలాటకి వచ్చినట్టు.

శ్రీవిద్య మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చి, ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి హాల్లో నేల మీద పెట్టింది. అందరం చుట్టూ కూర్చున్నాం. కాసేపటికి, "ఇప్పుడు చూడండి" అంది. నాకేమీ తెలియలేదు. చెంబులో నీళ్లు మాత్రం సన్నగా వణికాయి. తర్వాత గుండ్రాలు గుండ్రాలుగా కదిలి అంచు మీంచి ఒక చుక్క కిందికి జారింది. పూజ గూట్లో చిన్న గంట తనంతట తనే గణగణమంది.

నేను కొయ్యబారిపోయాను. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ గంట అలాగే మోగుతుంది. అమ్మవారు పలుకుతోందని ఊరందరికీ చెప్పుకున్నదాన్ని. మంగళవారాలు మనుషులు వచ్చి దండం పెట్టుకు పోయేవాళ్లు. అలమరలో గ్లాసులు అంచుకు జరిగి కిందపడితే సరిగ్గా పెట్టలేదని ఎంతమంది పనిమనుషుల్ని తిట్టి పంపేశానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఏలియా అన్నయ్య లేచి గోడకి అరచెయ్యి ఆనించాడు. బండి పూర్తిగా వెళ్లిపోయే దాకా తియ్యలేదు. "సెల్లెమ్మా, పట్టా కింద కంకర ఎక్కడ జారిందో కాలితో తొక్కి సెప్పినోణ్ణి నేను. నా ఇల్లు ఊగతందని నాకు తెలీదేటి" అన్నాడు. ఆయన నోట ఆ మాట విని ఏంజలిన్ ఏడ్చేసింది.

నా ఏడుపు వేరు. కోడలి రెక్క పట్టుకుని అడిగాను. "మూణ్ణెల్లయి ఈ అదురుకి బెదిరిపోయి పడుకుంటున్నావు. నోరు లేదా నీకు? ఒక్క మాట సెప్పకూడదా?"

"నాకే ఏదో జబ్బనుకున్నానత్తయ్యా. మీ అబ్బాయిని లేపితే 'ఏమీ లేదు పడుకో' అన్నారు. ఇంట్లో ఇంకెవరూ కదల్లేదు. కొత్తగా వచ్చి కళ్లు తిరుగుతున్నాయంటే మీరేమనుకుంటారోనని మంచంకోడు పట్టుకుని పడుకునేదాన్ని. సైరన్ వచ్చాక ధైర్యమొచ్చింది. నాతోపాటు దానికీ తెలుస్తోంది కదా అని."

పట్టుకున్న రెక్క వదిలేశాను.

ఏంజలిన్ ఆ వారమే డబ్బాలన్నీ తీసేసింది. వాటి బదులు తలుపుకొక అయస్కాంతం ముక్క, దాని ఎదురుగా చట్రానికి ఒక మీట పెట్టింది. తలుపు తెరుచుకుని రెండూ దూరమైతేనే మోగుతుంది, గోడ ఎంత అదిరినా దానికి పట్టదు. సరోజమ్మ ఊరంతా టముకు వేసింది. హిజ్లీ వైపు నుంచి కూడా పిలుపులు వచ్చాయి. దొంగను తరిమింది అదేనని, అదురు డబ్బానే పెట్టమని కొందరు పట్టుబట్టేవారు. అందుకని ఏ కొత్త ఇంటికి వెళ్లినా ఏంజలిన్ శ్రీవిద్యను వెంట తీసుకెళ్లేది. మా కోడలు ఆ ఇంటి నేల మీద కాసేపు కూర్చుని, ఊగితే ఊగిందని చెప్పేది. ఏ సామాను పెట్టాలో దాన్నిబట్టి తేల్చేవారు. "నా సామాన్లన్నింట్లోకీ నమ్మకమైనది ఒదినే" అనేది ఏంజలిన్. మా కోడలికి నవ్వడం అలవాటైంది.

వర్షాలు వెళ్లాక ఒకరోజు ఇద్దరూ గట్టు పక్క ఇల్లొకటి చూసి వచ్చారు. ఏంజలిన్ నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. దాని మొహంలో నెత్తురు లేదు.

"పిన్నీ, ఒదిన ఆ ఇల్లు ఊగట్లేదంది. నా పక్కన బల్ల మీద టీ ఒలికిపోతంది. నేను సూస్తన్నాను. ఆవిడకి తెలీలేదు."

నేను వెంటనే లోపలికి వచ్చాను. శ్రీవిద్య పొయ్యి దగ్గర పోపు వేస్తోంది. కాపురానికి వచ్చిన కొత్తలో పూజ గంట మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడి గోడ పట్టుకునేది. నేను పీట వాల్చుకుని కూర్చున్నాను. ఏంజలిన్ గుమ్మంలో నిలబడింది. ఇద్దరం కాచుకుని ఉన్నాం.

గూట్లో గంట మోగింది, చాలాసేపు మోగింది. మా కోడలు వెనక్కి తిరగలేదు. పోపు గిన్నె దింపి, "అత్తయ్యా, కరివేపాకు అయిపోనాది" అంది.