బకిల్ చెప్పులు

కాట్రేనికోన దగ్గరి ఒక హైస్కూల్లో, సెలవు పెట్టిన లెక్కల టీచరు బదులు మూడు నెలలు పాఠం చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లలు నోళ్ళు తెరవకుండానే తేనెటీగల్లా రొద చేసేవారు. నేను ఎవరి దగ్గర నిలబడితే అక్కడ ఆగిపోయి, నా వెనక మొదలయ్యేది. బోర్డు వైపు తిరగాలంటే వీపు చల్లబడిపోయేది.

పక్క గది హిందీ మాస్టారిది. రేపో మాపో రిటైరయ్యే మనిషి. రోజూ గుమ్మం బయట వంగి, బకిళ్ళు ఊడదీసి, చెప్పుల జత గోడవారన పెట్టి, అప్పుడు లోపలికి వెళ్ళేవారు. చదువుల తల్లంటే ఎంత భక్తో అనుకునేదాన్ని.

ఒకరోజు రొద భరించలేక వరండాలోకి వచ్చేశాను. ఆయన అప్పుడే వంగి ఉన్నారు.

"భయమేసిందా అమ్మా?"

"ఆయ్, మాస్టారూ. మీకేమండీ, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్తారు."

ఆయన మొదటి బకిల్ ఊడదీయడానికి చాలాసేపు తీసుకున్నారు. వయసు వల్లేమో అనుకున్నాను.

"భక్తి కాదమ్మా. ముప్పయ్యేళ్ళ నుంచీ ఇదే భయం. గుమ్మంలో ఊరికే నిలబడితే పిల్లలు కనిపెట్టేస్తారు. చెప్పులు విప్పుకుంటుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఈలోగా గుండె కుదుటపడుద్ది."

రెండో చెప్పు కూడా విప్పి, నిటారుగా లోపలికి వెళ్ళారు. "కూర్చోండి" అన్న గొంతులో వణుకు లేదు.

నావి కాలు విదిలిస్తే ఊడిపోయే చెప్పులు. ఆ ఆదివారమే అమలాపురం వెళ్ళి బకిళ్ళున్న జత తీసుకున్నాను.

"ఇవి విప్పడానికి లేటవుద్దండీ" అన్నాడు షాపతను.

"ఆయ్, అందుకేనండీ" అన్నాను.