గ్యాసుతో కోసిన కన్నం

అది గురువారం. ఉదయం పదకొండుంపావు. ఆ పూట మొదలైన బరువును పందొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియనివ్వకపోవడం ఇంకో బరువు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కోటబొమ్మాళి దగ్గర హైవే పక్కన నాకు లారీ విడిభాగాల కొట్టు ఉంది. బంపర్లు, వాటిని ఛాసీకి పట్టి ఉంచే బ్రాకెట్లు, బోల్టులు అమ్ముతాను. ఛాసీ అంటే లారీని మోసే ఇనుప చట్రం. మా ఆయన పోయాక, ఆడదానికి లారీల సంగతి ఏం తెలుసని నవ్విన వాళ్ల ముందు నేను నిలబడింది ఒక్క పేరుతోనే. నా కొలత తప్పదు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

కొట్టు ముందు షెడ్డులో బిగింపు పని దానియేలుది. మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు, నన్ను వదినా అనేవాడు. ఇద్దరం ఒకే బాప్టిస్టు చర్చికి వెళ్లేవాళ్లం. అక్కడ డోలక్ వాయించేది అతనే.

కళింగపట్నం ఎర్రయ్య తన లారీలో ఎండుచేపలు తోలేవాడు. అది చెట్టుకు గుద్దుకుని బంపరు వంగింది. కొత్తదానికి కొలత తీసింది నేనే. పాత బంపరు బ్రాకెట్ల మధ్య టేపు పట్టాను. దెబ్బకు ఒక బ్రాకెట్ లోపలికి వంగి ఉంది. కొలవాల్సింది ఛాసీ మీది కన్నాలను. నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు నడుము నొప్పిగా ఉండి కిందికి వంగలేదు. ఇంతటిదానికి కారణం అంత చిన్నదా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

బంపరు వచ్చిన ఆ గురువారం ఎర్రయ్య ఇంటిల్లిపాదీ పసుపు, కుంకుమ పట్టుకుని వచ్చారు. వాళ్లు సముద్రం మీద వేటకు వెళ్లే మనుషులు. కొత్త పడవ ముందు కొసకు పసుపు పూసి మొక్కినట్టే కొత్త బంపరుకూ మొక్కుతారు, అదీ పొద్దు నడినెత్తికి రాకముందే. ఆ వేళ దాటితే వారం దాకా బండి కదపరు.

బంపరు ఎత్తి పెట్టారు. దాని కన్నాలు ఛాసీ కన్నాలతో కలవలేదు. రెండు వేళ్ల తేడా.

"ఏటి దానేలూ, బంపరు బిగించమంటే పెళ్లికూతుర్ని ముస్తాబు సేస్తన్నావేటి? ఎండ నెత్తికెక్కుతున్నాది!" అని రోడ్డు అవతల నీడన ఇంటివాళ్లతో కూర్చున్న ఎర్రయ్య కేకేశాడు. అందరూ నవ్వారు.

దానియేలు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, కొలత తప్పినాది. ఛాసీకి కొత్త కన్నాలు ఏయాల. డ్రిల్లు బిట్టు ఇరిగిపోయినాది, టెక్కలెల్లి తెస్తాను. సాయంత్రానికి అయిపోతాది."

"సాయంత్రం దాకా ఆళ్లు ఆగుతారేటి? గేసు మంటతో కోసెయ్."

"గేసు వద్దు వదినా. ఆ ఏడికి ఇనుము బలం పోతాది. ఉన్నమాట ఎర్రయ్యకి సెప్పేద్దుము. మంచోడే, ఇంటాడు."

"ఒరే, నాకు నువ్వు సెప్తావేటి? కొయ్యమన్నాను, కొయ్యి."

కోశాడు. రోడ్డు అవతలి వాళ్లకు అది కనబడలేదు. అంచులు ఆకురాయితో రుద్దాడు, నల్లరంగు నేనే పూశాను. పొద్దు నడినెత్తికి రాకముందే పసుపు పడింది. వాళ్లు నా చేతిలో కొబ్బరిముక్క పెట్టారు. తిన్నాను.

ఎనిమిది నెలల తరవాత ఆ కన్నం అంచున పుట్టిన పగులు స్టీరింగ్ బాక్సు బిగించిన చోటిదాకా పాకింది. చక్రం తిప్పినా బండి తిరగలేదు, పొలంలోకి దూసుకుపోయింది. ఎర్రయ్య ఎడమ భుజం నుజ్జయింది. నల్లరంగు కింద గ్యాసు కోత ఉందని మెకానిక్కు చెప్పాక, చేతికి కట్టుతోనే నా కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గేసుతో ఎవులు కోసినారమ్మా?"

దానియేలు అక్కడే ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు.

"నాను సరుకు అమ్మినాను. బిగించినోణ్ని అడుగు," అన్నాను.

దానియేలు నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదు? మా ఆయన మీద గౌరవమా, నేనే చెబుతానని ఎదురుచూశాడా? నేను అబద్ధం ఆడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సరుకు అమ్మింది నేను, బిగించింది అతను, ఏ మాటకు ఆ మాట నిజమే. మరి అంత నిజమైన మాటతో అంత పెద్ద అబద్ధం ఎలా ఆడగలిగాను?

దానియేలు ఛాసీలు పాడుచేస్తాడని లారీల వాళ్లలో మాట పాకింది. షెడ్డుకు బళ్లు రావడం మానేశాయి. ఏడాది తిరక్కుండా పెళ్లాంబిడ్డలతో చీపురుపల్లి వెళ్లిపోయాడు. నా కొట్టు మాత్రం బాగా నడిచింది.

పోయిన మంగళవారం ఒకమ్మాయి టేపు మెడలో వేసుకుని కొట్టుకు వచ్చింది. దానియేలు కూతురు రూతు. చీపురుపల్లిలో సొంతంగా లారీ బిగింపుల షెడ్డు పెట్టిందట. నాలుగు బంపర్లు కావాలంది. కొలతలన్నీ ఛాసీల మీదే తీసుకుని వచ్చింది.

"పెద్దమ్మా, సరుకు నీ కాడే తీసుకోమన్నాడు నాన్న. నీ కొలత తప్పదంట," అంది.

కుర్చీలో కూర్చోబెట్టి అంతా చెప్పాను.  ఆ పిల్ల మెడలోని టేపు తీసి చుట్టింది. దాన్ని సంచిలో వేసుకుని, లేచి వెళ్లిపోయింది. ఆర్డరు మాత్రం రద్దు చేయలేదు. శనివారం సరుకుతో పాటు నేనూ చీపురుపల్లి వెళ్తాను. దానియేలు తలుపు తీస్తాడో లేదో తెలియదు. తీయకపోయినా, ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి చెబుతాను. కళింగపట్నం వెళ్లి ఎర్రయ్యకూ చెబుతాను. మీకిలా రాసేశాక ఇక వెనక్కి తగ్గడం కుదరదు. నిన్న రాత్రి హాయిగా నిద్రపట్టింది. దానికి నేను తగుదునా అని కూడా అనుకోలేదు.

పోయినవి ఇవి. ఎర్రయ్య లారీకి మూడు నెలల రాబడి. అతని ఎడమ చేయి. అది ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. దానియేలు షెడ్డు. చర్చిలో అతని డోలక్. ఒక మంచి పనివాడి పేరు, పందొమ్మిదేళ్ల పాటు.