కోసేసిన బాల్కనీ

మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులు చాలావరకు హనుమాండ్లు బిగించినవే. నిచ్చెనెక్కగానే ముందు కరెంటు తీగ ఎక్కడుందో చూసేవాడు, తర్వాతే డ్రిల్లు పట్టేవాడు. అంత జాగ్రత్త గల మనిషి సొంతింటి దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాడు.

బల్కంపేట గల్లీలో చిన్న మేడ ఆయనది. భార్య చంద్రమ్మకు మోకాళ్ల నొప్పులు. బోనాల జనంలో నిలబడలేదు. "పైకెల్లి చూస్తే మస్తుంటది గద" అని ఒక్కమాట అన్నది. అంతే, ఇనుము తెచ్చి, తానే వెల్డింగు చేసి, గల్లీ మీదికి బాల్కనీ వేశాడు. ఆ ఏడు ఆమె కుర్చీలో కూర్చుని పోతరాజు ఆట చూసి చప్పట్లు కొట్టింది. నెల తిరక్కముందే, ముసురు పట్టిన రోజున, బాల్కనీలో తడిచీర దులుపుతుంటే కొంగు పక్కనే పోయే కరెంటు తీగకు తగిలింది. పక్కింటివాళ్లు వచ్చేసరికే పానం పోయింది.

దినాలు కాగానే కూతురు చంద్రిక బోరబండలోని తన ఇంటికి బయల్దేరింది. "గా బాల్కనీ ఉన్నంతకాలం ఈ ఇంట్ల కాలు పెట్ట నాయినా" అన్నది. పెళ్లాం పోయిన దుఃఖం ఒకెత్తు, బిడ్డ అన్న ఆ మాట ఒకెత్తు.

ఊరికే కోసిపారేస్తే బిడ్డ నమ్మదనుకున్నాడు. గల్లీ వైపు గోడ లోపలికి జరపాలి, రూలు ప్రకారం కట్టాలి, ఆఫీసు ముద్ర పడిన కాగితం ఆమె చేతిలో పెట్టాలి. పంజగుట్టలో ప్లాన్లు గీసే రత్నమాల దగ్గర కూర్చుని, రోడ్డు వైపు ఎంత జాగా విడవాలో, కిటికీ మీద నీడకు వేసే ఛజ్జా ఎంతవరకు రావచ్చో నేర్చుకున్నాడు. మున్సిపల్ ఆఫీసుకు చెప్పులరిగేలా తిరిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని బస్తీలో నవ్వారు. నవ్వినవాళ్ల బాల్కనీలు ఇంకా గల్లీ మీదే ఉన్నాయి, అది వేరే సంగతి.

ఒకనాడు రత్నమాలను అడిగాడు: "మేడం, తీగకు, ఇంటికి నడుమ ఎంత ఉండాలె?"

"కొలతలు ప్లానులో రాశానండీ. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఎవరు చెయ్యి చాపినా అందకూడదు."

హనుమాండ్లు తల దించుకున్నాడు. ఆ సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసు.

పర్మిషన్ వచ్చింది. బాల్కనీ తానే కోశాడు. గోడ తానే కట్టాడు, కొంచెం వంకరే, అయినా నిలిచింది. దానికో కిటికీ పెట్టాడు.

మరుసటి ఏడు బోనాలనాడు చంద్రిక వచ్చింది. కాగితం చదివింది. కిటికీలోంచి చెయ్యి చాపింది. తండ్రి గబుక్కున ముందుకు అడుగేశాడు. తీగ ఎక్కడో దూరాన ఉంది.

"మంచిగ కట్టినవ్ నాయినా" అని కళ్లు తుడుచుకుంది. "గప్పుడు బాల్కనీ ఏసేముందే ఆఫీసుల ఒక్కమాట అడిగితే చెప్పకపోదురా?"

"చెప్పెటోళ్లే బిడ్డా."

"మరెందుకు అడగలే?"

కింద డప్పులు దగ్గరపడుతున్నాయి.

"అడిగితే వద్దంటరని తెల్సు" అన్నాడు హనుమాండ్లు. "మీ అమ్మ మస్తు ఆశపడ్డది."