నిద్రలేవని పీపా

ఐవీ క్రాబ్‌కి కాలు ఒకచోట నిలవదని దక్షిణపు కొసనున్న మా హ్యూవన్ లోయలో అందరికీ తెలుసు. కేకు పొంగకముందే పొయ్యి తలుపు తీసి చూసే రకం. విత్తనాలు నాటి, మొలిచాయో లేదోనని మన్ను గెలికేది. అలాంటి మనిషి పోయి పోయి ద్రాక్షతోటే వేయాలా? అదీ ఈ చలిలో, ఒక పట్టాన పండని పినో ద్రాక్ష.

తోట వేసింది అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి. అన్న క్లెమ్ నెమ్మదస్తుడు. ఆ ఏడు తొలి కాపు కోసి, తొక్కి, ఒక్క పీపా వైన్ పట్టారు. చలికాలం మొదలయ్యేసరికి క్లెమ్ ఊపిరితిత్తులు పాడై హోబర్ట్ ఆసుపత్రిలో మంచమెక్కాడు. తమ వైన్ అన్న నోట్లో పడాలి. ఐవీకి అదొక్కటే ధ్యాస.

చలిదేశపు వైన్ అంత సులువుగా నోట పెట్టనివ్వదు. పుల్లగా పళ్లు జివ్వుమనిపిస్తుంది. పీపాలో అది సన్నగా బుడగలు వేస్తూ రెండోసారి పులిస్తేనే ఆ పులుపు మెత్తబడుతుంది. చలికి ఆ పులియడం ఆగి పీపా నిద్రపోతే వసంతం వచ్చేదాకా లేవదు. అందాకా దాన్ని కదపకూడదు. ఐవీ ఊరుకుంటుందా? రోజూ బిరడా పీకడం, కాస్త తోడి నాలుక మీద వేసుకోవడం, పీపాని తిట్టడం. చివరికి తన పక్కమీది కరెంటు దుప్పటి తెచ్చి పీపాకి చుట్టి, తను మాత్రం వణుకుతూ పడుకుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా!

అయినా పీపా ఉలకలేదు, పలకలేదు. ఇక ఆగలేక ఓ చిన్న సీసాలో వైన్ పోసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. క్లెమ్ పెదవి తడుపుకుని మొహం చిట్లించాడు.

"రోజూ తెరుస్తున్నావు కదూ?" అన్నాడు.

ఐవీ తల దించుకుంది.

"గాలి తగిలి వెనిగర్ వాసన మొదలైందే. ఇంకొన్నాళ్లు ఇలాగే తెరిస్తే కూరముక్కల మీద చల్లుకోవడమే. నా మీద బెంగతో దాన్ని చంపకు."

"మరి నువ్వో, అన్నయ్యా?"

"ఉంటే తాగుతా. పోతే నా వంతు కూడా నువ్వే తాగు. దాని జోలికి మాత్రం పోకు."

దారి పొడుగునా ఏడుస్తూ ఇంటికొచ్చింది. దుప్పటి లాగేసి, పీపాలో పట్టక విడిగా దాచిన వైన్‌తో, గాలికి చోటు లేకుండా పీపా అంచుదాకా నింపి, బిరడా గట్టిగా కొట్టింది. అక్కణ్నుంచి లోయకి నిద్ర లేదు. అడగని వాళ్ల ద్రాక్షతీగలు కూడా కత్తిరించింది, పక్కవాళ్ల కంచెకు రంగు వేసింది. ఇంత చేసినా మనసు కుదుటపడదే! పీపా ఉన్న షెడ్డులోకి పోయి దానికి చెవి ఆనించేది. బిరడా మీద చెయ్యి మాత్రం వేయలేదు.

మా వైపు వసంతం వచ్చేది అక్టోబరులో. గాలి కాస్త వెచ్చబడిన ఒక మధ్యాహ్నం పీపా చెక్క లోపల ఏదో చిటుకుమంది. ఐవీ బిరడా వదులు చేసింది. సబ్బు నురగ విరుగుతున్నట్టు సన్నగా, ఎడతెగకుండా చప్పుడు. ఆసుపత్రికి ఫోను చేసింది. నర్సు ఫోను తీసుకెళ్లి క్లెమ్ చెవి దగ్గర పెట్టింది. ఐవీ తన ఫోను స్పీకరులో పెట్టి పీపా నోటికి ఆనించింది.

"ఏంటిది, వానా?" అన్నాడు క్లెమ్. గొంతు పీలగా ఉంది.

"మన పీపా, అన్నయ్యా. లేచింది."



"పులుపు విరగడానికి ఇంకో నెలైనా కావాలి," అన్నాడు క్లెమ్.

"తెలుసు."

"అన్నాళ్లు నావల్ల కాదే, ఐవీ."

"ఇప్పుడే తోడి తెస్తాను. పులుపైతేనేం? గంటలో నీ దగ్గరుంటా."

"వద్దు. ఫోను తియ్యకు. కాసేపు విననీ."

ఫోను పట్టుకున్న చెయ్యి లాగుతోంది. ఐవీ కదల్లేదు.