తనను తిట్టేవాడి దగ్గరికే పంపిన ఏజెంటు

మా ఏజెంటు పోయాడన్న వార్త మా ఆవిడ చెప్పింది. ఆయన కూతురు ఫోన్ చేసింది ఆమెకే, నాకు కాదు. రాత్రి మామూలుగానే తిని పడుకున్నాడట, తెల్లారి లేవలేదట. మా ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఇంక మీరు ఎవర్ని తిడతారు?" అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళలో ఆయన గురించి మంచిమాట చెప్పేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. చెడ్డమాట చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన మీద నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు, అడగరు కూడా. అయినా రాస్తున్నాను. రాస్తున్నాను కాబట్టి క్షమించానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

ఆయన ఇంటి ముందు 'ఫైనాన్షియల్ అడ్వైజర్' అని కూతురు బోర్డు పెట్టించింది. ఆ మాటతో ఆయన్ను పిలిచినవాడు లేడు. జనానికి ఏజెంటు, అంతే. జీవిత బీమా, ఆరోగ్య బీమా, పిల్లల చదువుకు నెలనెలా కట్టే ఫండ్లు, అన్నీ ఆయనే చూసేవాడు. పెనుకొండలో రైలెక్కితే ఒక రోజు హిందూపురం వైపు, ఒక రోజు ధర్మవరం వైపు. చంకలో రెక్సిన్ సంచి. చొక్కా జేబులో నీలం పెన్ను ఒక్కటే. కంపెనీవాళ్ళు బహుమతులుగా ఇచ్చే మెరిసే పెన్నులు ఎవరైనా అడిగితే ఇచ్చేసేవాడు.

నాకూ ఆయనకూ మధ్య జరిగింది ఇది. నేను హిందూపురం కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి, రిటైరై పెనుకొండలో ఇల్లు పెట్టుకున్నాక, మా ఇద్దరికీ ఆరోగ్య బీమా చేయించాడు. మా వరండాలో కూర్చుని ఫారం నింపుతూ జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగాడు. మా ఆవిడ బీపీ మాత్ర వేసుకుంటానని చెప్పింది. ఆయనకు ధర్మవరం రైలుకు టైమవుతోంది. "ఈ కాలంలో అది ఎవరికి లేదులేమ్మా" అని, లేదు అన్నచోట టిక్కు పెట్టేశాడు. కొన్నేళ్ళకు ఆమెకు బెంగళూరులో గుండెకు స్టెంటు వేయాల్సి వచ్చింది. బీపీ సంగతి దాచారంటూ కంపెనీ ఒక్క పైసా ఇవ్వనంది.

హిందూపురం బ్రాంచి ఆఫీసరు దగ్గరికి పోతే ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, "సంతకం మేడమ్‌దే గదా సార్. అర్థశాస్త్రం చెప్పిన మీరే చదవకుండా పెట్టిస్తే మేమేం చేస్తాం?" అన్నాడు. నేను జీవితమంతా పుస్తకాలతో గడిపినవాణ్ణి. ఎన్నో భాషల్లో ఎన్నో రకాల నీచుల్ని చదివాను. ఇంత నున్నగా మాట్లాడిన వాణ్ణి చదవలేదు. ఆయన ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఇది చదువుతాడని ఆశ.

ఏజెంటు మాత్రం ఆ సాయంత్రమే రైలు దిగి నేరుగా వచ్చాడు. గేటు లోపలికి రాలేదు. పక్కింటివాళ్ళు వింటుండగానే, "తప్పు నాదే సార్. అమ్మ చెప్పింది, నేనే రాయలేదు" అన్నాడు. అదే మాట కంపెనీకి కూడా కాగితం మీద రాసిచ్చాడు. దానివల్ల ఆయనకు చీవాట్లు పడ్డాయి తప్ప మాకు ఒరిగిందేమీ లేదు. ఆసుపత్రి ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. నీ దుడ్లు నాకెందుకప్పా, ఈ గడప తొక్కొద్దు అన్నాను. తొక్కలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా గేటు బయటే నిలబడి మా ఆవిడ ఆరోగ్యం అడిగిపోయేవాడు.

కొన్నాళ్ళకు చిలమత్తూరు నుంచి గొర్రెల వ్యాపారి ఒకాయన మా ఇంటికొచ్చాడు. ముక్కూ మొగం తెలియదు.

"ఏజెంటు మీ దగ్గరికి పోయి రమ్మన్నాడు సార్."

"ఏంటికి?"

"మీరు ఆయన్ని బాగా తిడతారంట గదా. అది విని రమ్మన్నాడు."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. అయినా నోరు ఊరుకోదు గదా, కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఫారం, రైలు టైము, స్టెంటు, ఆఫీసరు కుర్చీ, ఏదీ వదల్లేదు. ఆయన కాఫీ తాగి లేచి, శానా సంతోషం సార్, పోయొస్తా అన్నాడు. యాడికప్పా అంటే, "ఏజెంటు దగ్గరికే. మా ఇంటామెకు సుగర్ ఉండాది. మొన్న చెప్పకుండా దాచినాము. రాపించల్ల గదా" అన్నాడు.

ఏజెంటు మళ్ళీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు నిలదీశాను. నిన్ను మెచ్చుకునేవాళ్ళు ఊరంతా ఉంటే నా దగ్గరికెందుకు పంపుతాండావు, నన్ను ఆడిస్తాండావా అన్నాను. ఆయన సంచి ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"వాళ్ళ దగ్గరికి పంపితే వీళ్ళు ఊరికే నమ్ముతారు సార్. నమ్మినోళ్ళు నేనేం చెప్పినా తల ఊపుతారు. మీ దగ్గరికి పోయొచ్చినోళ్ళు తల ఊపరు. నన్ను కూర్చోబెట్టి అడుగుతారు."

తర్వాత కూడా మనుషులు వస్తూనే ఉన్నారు. బత్తలపల్లి టైలరు, హిందూపురంలో సైకిల్ షాపు సాయిబు, ధర్మవరం మగ్గాలవాళ్ళు. మా ఆవిడ వాళ్ళకు కాఫీ ఇస్తూ, "ఆయనది ఇంకా సగమే అయింది, టిఫిన్ కూడా తినిపోండి" అనేది. పాఠం మానేశాక నా మాట వినడానికి పనిగట్టుకుని మా ఇంటికి ఎవరూ రాలేదు. కొలీగులు రాలేదు, శిష్యులు రాలేదు. ఏజెంటు పంపినవాళ్ళే వచ్చారు. నా కోపానికి ఒక పని ఇచ్చాడాయన. దానికి మాత్రం రుణపడి ఉన్నాను.

వాళ్ళు చెప్పగా ఆయన పద్ధతులు నాకు తెలిశాయి. పాలసీ కాగితాన్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టేవాడట. దేనికి డబ్బు రాదో అది ముందు చదివి, తెలుగులో చెప్పి, మళ్ళీ వాళ్ళచేత చెప్పించుకునేవాడట. పుట్టినరోజు మెసేజీలు పంపేవాడు కాదు. ఆసుపత్రిలో చేరారని తెలిస్తే మాత్రం డిశ్చార్జికి ముందురోజే బెంగళూరు పోయి బిల్లు కౌంటరు దగ్గర వాటర్ బాటిల్ పెట్టుకుని కూర్చునేవాడు. ఇంకెవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పండని అడగడం ఆయన నోట ఎవరూ వినలేదు. ఈ కాలపువాళ్ళు కాఫీ గ్లాసు కింద పెట్టకముందే ఐదు పేర్లు, ఐదు ఫోన్ నంబర్లు అడుగుతారు. అట్లా అడగమని నేర్పే ఇంగ్లీషు పుస్తకాలు కూడా నేను కొన్ని తిరగేశాను. కాగితం మాత్రం మంచిది.

హిందూపురంలో సంతాప సభ పెట్టారు. కుర్చీ ఆఫీసరే మాట్లాడాడు. క్లయింట్ ఎక్స్‌పీరియన్స్ అన్నాడు, రెఫరల్స్ అన్నాడు, చిరునవ్వే ఆయన రహస్యమన్నాడు. నేను వెనక వరసలో ఉన్నాను. ఇన్నేళ్ళలో ఆయన నవ్వడం నేను చూసింది చాలా తక్కువ. సభ అయ్యాక ఆఫీసరు ఏజెంటు కూతుర్ని పక్కకు పిలిచి, పాత క్లయింట్లచేత నాన్నగారి గురించి చిన్న చిన్న వీడియోలు చెప్పించుకో, ఆ పెనుకొండ ముసలాయన జోలికి మాత్రం పోవద్దు అన్నాడట. ఇది ఆ అమ్మాయే తర్వాత చెప్పింది.

ఆ అమ్మాయికి పెళ్ళయి ధర్మవరంలో ఉంటుంది. లైసెన్సు ఉంది, తండ్రితో కలిసి పని చేసింది. ఇల్లు ఈ పని మీదే నడుస్తుంది. తండ్రి పోయిన నెల తిరక్కుండానే వేరే ఏజెంట్లు ఆయన క్లయింట్ల ఇళ్ళు పట్టుకుని, ఆ పాపకేం తెలుసు, మాకు మార్చుకోండి అని తిరుగుతున్నారు. ఈ ఏడాది కొత్తవాళ్ళు రాకపోతే ఏజెన్సీ నిలవదు. ఇదంతా మా వరండాలో కూర్చుని మా ఆవిడకు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి ఫోన్ తీసింది.

"ఒక్క నిమిషం చాలు సార్. మా నాయన మంచోడని చెప్పండి. మీరు చెప్తే అందరూ నమ్ముతారు."

"మీ నాయన మంచోడు కాదని నేనెప్పుడూ అనలేదు పాపా. తప్పు చేసినాడన్నాను. ఈ పొద్దూ అదే అంటాను."

"పోయినోణ్ణి గూడా ఇడిసిపెట్టరా సార్?"

"నేను ఇడిసిపెడితే, మీ నాయన పంపినోళ్ళంతా ఈడికొచ్చి ఏం విని పోయినట్టు?"

ఆమె ఫోన్ సంచిలో పెట్టుకుంది. కాఫీ తాగకుండానే బస్టాండుకు పోయింది. మా ఆవిడ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ పిల్ల ఇంకెప్పుడూ ఈ వైపు రాదనే అనుకున్నాను. ఆఫీసరు చెప్పినట్టే వీడియోలు తీసుకుంటుంది, తీసుకున్నా తప్పు పట్టలేను అనుకున్నాను.

రెండు వారాలు గడిచాక ఒక ఉదయం ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసే భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. ఏజెంటు కూతురు పంపిందన్నారు. ఆమె దగ్గరికి పాలసీకని పోయిన మొట్టమొదటి కొత్తవాళ్ళు వీళ్ళేనట. ముందు పెనుకొండ సారుతో మా నాయన చేసిన తప్పు చెప్పించుకుని రండి, ఆ తర్వాతే ఫారం తీస్తానందట.

చెప్పాను. ఎప్పటిలాగే మొత్తం చెప్పాను. చనిపోయాడు కదా అని ఒక్క మాట తగ్గించలేదు. అంతా విని నేతగాడి భార్య, ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అడిగింది.

"ఆయన సంగతి సరే సార్. ఈ పాప ఎట్లాంటిది? చేరొచ్చునా?"

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ పాపకు మీరు రాక రాక వచ్చిన మొదటి బేరం" అన్నాను. "మిమ్మల్ని పోగొట్టుకున్నా పర్వాలేదని నా దగ్గరికి పంపింది. చేరండి. ఒంట్లో ఏమున్నా దాచొద్దు. చెబితే కట్టేది పెరగొచ్చు, పాలసీ రాకనే పోవచ్చు. అయినా చెప్పండి."

ఆ పాలసీ వెంటనే రాలేదు. ఏజెంటు కూతురు ముందు ఆ నేతగాణ్ణి డాక్టరు దగ్గరికి పంపింది, నెలలు ఆగింది, కొన్ని షరతులతో చివరికి ఇప్పించింది. ఈలోగా ఆ మగ్గాల వీధిలోంచే మరో నాలుగిళ్ళవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ పోయారు. అందరూ ముందు మా వరండాకు వచ్చి పోయినవాళ్ళే. ఏజెన్సీ నిలబడింది. ఆఫీసరు ఇప్పుడు దాన్ని కూడా తన సభల్లో చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ.

నేను ఏజెంటును తలుచుకుంటే గుర్తొచ్చేది మాత్రం ఇవేవీ కాదు. ఆ ఉదయం నేను దాచొద్దు అన్న తర్వాత నేతగాడు భార్యతో కాదు, నాతో అన్నాడు.

"ఎడమ కన్ను ఆనడం లేదు సార్. పోగు కనపడదు. ఉగాది నుంచి."

ఆమె అతని వైపు తిరిగింది. అంచులో తప్పులు పడుతున్నాయని షావుకారు చీరలు వెనక్కి పంపినప్పుడల్లా ఇతను పట్టు మంచిది కాదని ఇంట్లో చెబుతూ వచ్చాడట. ఆమె నమ్మి షావుకారుతో తగాదా కూడా పడిందట. ఇప్పుడు లేచి అతని ముందు నిలబడి, అరచెయ్యి అతని కుడికంటికి అడ్డం పెట్టింది. రెండో చేత్తో కొంగు కుచ్చులోంచి ఒక్క పోగు విడదీసి, వెలుతురు పడేట్టు అతని ముఖం ముందు పట్టుకుంది. అతను ఆ పోగు ఉన్న వైపు కాక, కొంచెం పక్కకు చూస్తున్నాడు.